సెల్‌ఫోన్ మార్చాను, ఏం మారింది?

(ఈ సంవత్సరం హోసూరులో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేనూ ఒకప్పుడు ఇదే వరుసలో కూర్చున్నవాణ్ణి. అప్పట్లో మన ట్రస్టు దరఖాస్తు ఒక్క కాగితం. పేరు, తండ్రి పేరు, ఊరు, మార్కులు, కింద హెడ్మాస్టరు గారి సంతకం. అంతే. మా నాన్న చేతి రాతతో నింపిన ఆ కాగితం ఆఫీసు బీరువాలో ఎక్కడో ఇప్పటికీ ఉండే ఉంటుంది. దాన్ని చూడాలంటే ఎవరైనా ముందు తాళంచెవి సంపాదించాలి.

ఈ రోజు నన్ను "సెల్‌ఫోను, గోప్యత" అనే విషయం మీద మాట్లాడమన్నారు. బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం చేస్తాను గనుక నాకు తెలిసి ఉంటుందని పెద్దల నమ్మకం. కానీ ఈ విషయం నేను ఉద్యోగంలో నేర్చుకోలేదు. ఇక్కడే, మన ట్రస్టు పని చేస్తూ, నేను చేసిన ఒక తప్పు వల్ల నేర్చుకున్నాను. కమిటీ పెద్దలకు ఆ సంగతి తెలుసు. మీకు కూడా చెబుతానని వారి దగ్గర అనుమతి తీసుకున్నాను.

2022లో దరఖాస్తులన్నీ ఆన్‌లైన్‌లో తీసుకుందామని పట్టుబట్టినవాణ్ణి నేనే. కాగితాలు తగ్గుతాయి, పల్లెల నుంచి పిల్లలు రెండేసి బస్సులు మారి రానక్కర్లేదు అని వాదించాను. ఉచితంగా దొరికే ఒక ఫారం తయారుచేశాను. అందులో పేరు, కాలేజీ, ఫోన్ నంబరు, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, కుటుంబ ఆదాయం, ఫొటో అన్నీ అడిగాను. ఎందుకు అడుగుతున్నానో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఫారంలో గడి పెట్టడం సులువు కదా, పెట్టేశాను. అన్నీ కలిసి ఒక పట్టికగా తయారయ్యాయి. కమిటీలో అయిదుగురికి ఆ పట్టిక చూపించాలి. ఒక్కొక్కరికి అనుమతి ఇస్తూ కూర్చోవడం విసుగనిపించి "లింకు ఉన్నవారెవరైనా చూడవచ్చు" అని పెట్టి, ఆ లింకును వాట్సాప్ గ్రూపులో వేశాను. అక్కడి నుంచి అది ఇంకొక గ్రూపుకు, అక్కడి నుంచి మరొక దానికి వెళ్లింది.

నెల తిరగకముందే ఒక అమ్మాయి తండ్రికి ఫోను వచ్చింది. ఆయన గులాబీ తోటలో పని చేస్తారు. అవతలి మనిషి చక్కటి తెలుగులో మన ట్రస్టు పేరు చెప్పాడు. పాప పేరు, కాలేజీ, ఆమె చదివే కోర్సు, బ్యాంకు ఖాతాలో చివరి నాలుగు అంకెలు చెప్పాడు. డబ్బు జమ చేయాలంటే ఫోనుకు వచ్చిన నంబరు చెప్పాలన్నాడు. బయటివాడికి ఇన్ని సంగతులు తెలిసే వీలే లేదని ఆయన అనుకున్నారు. అలా అనుకోవడంలో ఆయన తప్పేమీ లేదు. హాస్టలు ఫీజు కోసం దాచిన పద్నాలుగు వేల అయిదు వందలు పోయాయి.

ఇలాంటివి జరిగిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలని, డబ్బు ఇంకో ఖాతాకు దాటిపోకముందే ఆపించే అవకాశం ఉంటుందని అప్పటికి మాకు తెలియదు. మూడు రోజుల తర్వాత తెలిసింది. మీరు మాత్రం ఆ నంబరు ఇప్పుడే రాసుకోండి.

పట్టిక నుంచే బయటపడిందని నేను కోర్టులో నిరూపించలేను. కానీ ఆ నాలుగు వివరాలూ ఒక్కచోట ఉన్నది ఆ పట్టికలోనే. క్షమాపణ చెప్పడానికి వాళ్ల ఇంటికి వెళ్లాను. ఆయన కుర్చీ వేసి, కాఫీ ఇప్పించి, "నువ్వే చేసినావని నేనెక్కడా అనలేదు నాయనా" అన్నారు. ఆ మాట విన్నాక నేను నిద్రపోవడానికి చాలా రోజులు పట్టింది. డబ్బు మేం సర్దాం. ఆ అమ్మాయి చదువు ఆగలేదు. ఈ రోజు సభలో ఉందో లేదో చెప్పను.

తర్వాత నేను చేసిన పని కొంచెం అతిగా అనిపించవచ్చు. నా ఫోనే మార్చేశాను.

పాత ఫోనులో కూర్చుని ఒక రాత్రి లెక్క తీశాను. నా కాంటాక్టుల జాబితాలో తొమ్మిది వందల చిల్లర నంబర్లున్నాయి. నలభైకి పైగా యాప్‌లలో పదిహేడింటికి ఆ జాబితా చూసే అనుమతి ఇచ్చి ఉన్నాను. టార్చిలైటు యాప్ ఒకటి కూడా అందులో ఉంది. ఆ తొమ్మిది వందల మందిలో ఒక్కరినీ నేను అడగలేదు. నా గోప్యత నా ఇష్టం అని ఎవరైనా అంటే నేనిప్పుడు ఒప్పుకోను. నా ఫోనులో ఉన్నది సగం ఇతరుల సొత్తు. మన ఇళ్లలో పక్కింటివాళ్లు ఊరికెళ్తూ తాళం ఇచ్చిపోతారు. ఆ తాళాన్ని మనం దారిన పోయేవాడికి చూపించం.

ఈ కంపెనీలు మనకు ఇన్ని సేవలు ఊరికే ఎందుకిస్తున్నాయని పిల్లలు అడగాలి. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌కు 2024లో వచ్చిన ఆదాయం సుమారు 35,000 కోట్ల డాలర్లు. అందులో నాలుగింట మూడు వంతులు ప్రకటనల నుంచి వచ్చిందే. ప్రకటన ఎవరికి చూపించాలో తెలియాలంటే మనిషి తెలియాలి. ఎక్కడ తిరుగుతాడు, ఏం వెతుకుతాడు, రాత్రి ఎన్ని గంటల దాకా మేలుకుంటాడు అన్నవి కావాలి. లొకేషన్ చరిత్రను ఆపేశామనుకున్న వాళ్ల కదలికలను కూడా నమోదు చేశారన్న వివాదంలో 2022 నవంబరులో ఆ కంపెనీ అమెరికాలోని 40 రాష్ట్రాలతో 39 కోట్ల 15 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. మన దేశంలో వాట్సాప్ 2021లో తెచ్చిన కొత్త షరతుల మీద పోటీ కమిషన్ 2024 నవంబరులో మెటాకు రూ. 213.14 కోట్ల జరిమానా వేసింది. 2025 నవంబరులో అప్పీలు ట్రిబ్యునల్ కూడా ఆ జరిమానాను నిలబెట్టింది.

నేను కొన్నది సెకండ్‌హ్యాండ్ పిక్సెల్ ఫోను. అందులో ఉన్న సిస్టమును తీసేసి గ్రాఫీన్ ఓఎస్ అనే దాన్ని వేశాను. ఇదీ ఆండ్రాయిడే, కానీ గూగుల్ సేవలు ముందుగా కలిపి ఉండవు. కావాలంటే వాటిని మామూలు యాప్‌లాగా, ప్రత్యేక అధికారాలేమీ లేకుండా పెట్టుకోవచ్చు. గూగుల్‌కు దూరం కావడానికి గూగుల్ ఫోనే కొనాల్సి వచ్చిందని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. నేను వేసుకున్నప్పుడు అది పిక్సెల్ ఫోన్ల మీదే నడిచేది మరి. కేబులుతో కంప్యూటరుకు తగిలించి, వెబ్‌సైటులో చెప్పినట్టు ఒక్కొక్క మీట నొక్కుకుంటూ పోతే అరగంటలో పని అయిపోయింది. కష్టమంతా ఆ తర్వాతే మొదలైంది.

మొదట బ్యాంకు యాప్ తెరుచుకోలేదు. ఈ ఫోను నమ్మదగినది కాదని చెప్పి మూసుకుపోయింది. ఫోను పాత దానికంటే భద్రమైనదే, కానీ గూగుల్ ముద్ర లేదని ఆ యాప్‌కు అనుమానం. అలా యూపీఐ పోయింది. రెండు నెలలు జేబులో చిల్లర పెట్టుకుని తిరిగాను. టీ కొట్టు అన్న "ఏం సార్, పాత కాలానికి పోయినారా" అన్నాడు. చివరికి పాత ఫోనును ఇంట్లో ఉంచి, దానిలో రెండో సిమ్ వేసి, బ్యాంకు పనులకు మాత్రమే వాడుతున్నాను. అందులో వేరే యాప్‌లేవీ లేవు. దీన్ని ఓటమి అనుకునేవాళ్లు అనుకోవచ్చు. నాకు మాత్రం బాగానే ఉంది. డబ్బున్న ఫోను ఇప్పుడు బజారుకు రాదు.

మ్యాపుల సంగతి వేరే. గూగుల్ మ్యాపులకు బదులు ఆర్గానిక్ మ్యాప్స్ పెట్టుకున్నాను. ఇది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉమ్మడి పటం మీద నడుస్తుంది. ఆ పటాన్ని 2004 నుంచి ప్రపంచమంతటా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు గీస్తున్నారు. నెట్ లేకపోయినా దారి చూపిస్తుంది. బెంగళూరులో బాగుంది గాని, తళి దాటి లోపలికి పోతే సగం దారులు లేవు. మొదట తిట్టుకున్నాను. తర్వాత ఆదివారాలు కూర్చుని నేనే గీయడం మొదలుపెట్టాను. ఆ పటంలో ప్రతి ఊరి పేరును ఎన్ని భాషలలోనైనా రాయవచ్చు. మన తాతముత్తాతలు పిలిచిన పేర్లను తెలుగు లిపిలో ఎక్కించవచ్చు. ఇప్పటికి అరవై పైచిలుకు పల్లెల పేర్లు ఎక్కించాను. మీ ఊరి పేరు పెద్దవాళ్లు ఎలా పలుకుతారో నాకు చెప్పి వెళ్లండి, పిల్లలకు నేర్పిస్తే వాళ్లే ఎక్కిస్తారు కూడా.

అన్నిటికంటే కష్టమైంది వాట్సాప్. కారణం మా అమ్మ. అమ్మ ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడదు, కానీ చదువుకున్నది తమిళంలో. తెలుగు చదవడం రాదు. ఈ సభలో అలాంటి తల్లులు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. మా ఇద్దరి మధ్య తెలుగు ఉత్తరం రాయడం కుదరదు. అందుకని అమ్మ నొక్కిపట్టి మాట్లాడి పంపుతుంది, నేనూ మాట్లాడి పంపుతాను. నిమిషంన్నర వాయిస్ మెసేజ్‌లో ఊరి సంగతులన్నీ ఉంటాయి. దాన్ని వదిలిపెట్టమని అమ్మకు ఎలా చెప్పను?

సిగ్నల్ అనే యాప్‌లో కూడా ఇలాగే మాట్లాడి పంపవచ్చు. అది లాభం లేకుండా నడిచే సంస్థది. వాట్సాప్‌ను స్థాపించిన ఇద్దరిలో ఒకరైన బ్రయాన్ ఆక్టన్ ఫేస్‌బుక్‌ను వదిలి వచ్చి, అయిదు కోట్ల డాలర్లు ఇచ్చి, 2018లో ఆ ఫౌండేషన్‌ను నిలబెట్టారు. న్యాయంగా ఒక మాట చెప్పాలి. మెసేజ్‌ను మధ్యలో ఎవరూ చదవకుండా తాళం వేసే పద్ధతి వాట్సాప్‌లోనూ 2016 నుంచి ఉంది, అది సిగ్నల్ వాళ్లు తయారుచేసిన పద్ధతే. తేడా ఎక్కడంటే ఎవరు ఎవరితో, ఎప్పుడు, ఎంత తరచుగా మాట్లాడుతున్నారనే లెక్క విషయంలో. సిగ్నల్ ఆ లెక్క దాదాపుగా ఉంచుకోదు. సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ ఫోనులో సిగ్నల్ వేసి, నా ఫొటోను ముందు తెర మీద పెట్టాను. ఫొటో నొక్కితే నేను. అమ్మ రెండు రోజుల్లో అలవాటు పడింది. కానీ పెద్దమ్మ, చిన్నత్త, మామ వాళ్లు రాలేదు, రారు కూడా. కాబట్టి వాట్సాప్ నా ఫోనులో ఇంకా ఉంది. కాంటాక్టుల జాబితా మాత్రం దానికి కనపడదు, నేను చూపించిన పది మందే కనపడతారు. గ్రాఫీన్‌లో ఆ సౌకర్యం ఉంది.

2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అరట్టై గురించి పెద్ద హడావిడి జరిగింది. మన తమిళనాడు కంపెనీ, పేరు కూడా తమిళమే, అందరూ మారండి అని ఇంట్లో పిల్లలు ఊదరగొట్టారు. నాకూ సంతోషమే. కానీ ఆ రోజుల్లో అందులో రాతపూర్వక మెసేజ్‌లకు చివరి నుంచి చివరి దాకా తాళం లేదు, కాల్స్‌కు మాత్రమే ఉండేది. మనవాళ్లది అయినంత మాత్రాన అడగవలసిన ప్రశ్న అడగకుండా ఉండకూడదు.

ఈమెయిలు ప్రోటాన్‌కు మార్చాను. 2014లో సెర్న్ ప్రయోగశాలలో కలిసిన శాస్త్రవేత్తలు స్విట్జర్లాండులో మొదలుపెట్టినది. ఉచిత ఖాతా ఉంది. విద్యార్థులకు ఇక్కడ గట్టిగా ఒక హెచ్చరిక చేస్తున్నాను. అడ్మిషన్ల సంవత్సరంలో ఈమెయిలు మార్చకండి. మీ ప్రభుత్వ ఉపకార వేతనం, హాల్‌టికెట్టు, బ్యాంకు, అన్నీ పాత దానికే కట్టి ఉన్నాయి. నేను ఏడాది పాటు రెండూ ఉంచుకుని, ఒక్కొక్క చోట మార్చుకుంటూ వచ్చాను. పైగా ప్రోటాన్‌లో పాస్‌వర్డు మరిచిపోయి, ముందుగా ఇచ్చిన రికవరీ మాటలు కూడా పోగొట్టుకుంటే, పాత ఉత్తరాలు వాళ్లు కూడా తెరవలేరు. భద్రత అంటే అదే మరి. ఆ మాటలను కాగితం మీద రాసి అమ్మ పెట్టెలో పెట్టండి.

ఇప్పుడు మీ ముఖాలు చూస్తే నాకు అర్థమవుతోంది. మా దగ్గర ఉన్నది ఒక్కటే ఎనిమిది వేల ఫోను, అది కూడా అన్నాచెల్లెళ్లం పంచుకుంటున్నాం, మాకెందుకీ కథ అని. నిజమే. ఉన్న ఒక్క ఫోనులో సిస్టము మార్చే ప్రయోగం చేయకండి. చెడిపోతే ఆన్‌లైన్ క్లాసూ పోతుంది. ఫోను మార్చాక నాకు తెలిసింది ఏమిటంటే, నాకు జరిగిన మేలులో ఎక్కువ భాగం పాత ఫోనులోనే, పైసా ఖర్చు లేకుండా జరిగి ఉండేది. సెట్టింగ్స్‌లో అనుమతుల పేజీ తెరిచి కాంటాక్టులు, లొకేషన్, మైకు ఎవరెవరికి ఇచ్చారో చూసి తీసేయడం ఒక సాయంత్రం పని. అక్కడే ప్రకటనల ఐడీని తొలగించే వీలుంది. గూగుల్ ఖాతాలో మీ వెతుకులాట చరిత్ర మూడు నెలలకు దానంతటదే చెరిగిపోయేలా పెట్టవచ్చు. క్రోమ్‌కు బదులు ఫైర్‌ఫాక్స్ వేసి, దానికి యూబ్లాక్ ఆరిజిన్ తగిలిస్తే ప్రకటనలు పోతాయి, డేటా కూడా మిగులుతుంది. తెలుగులో టైపు చేయడానికి కేరళలోని స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ వారి ఇండిక్ కీబోర్డు ఉంది.

ఇంకొకటి, అప్పుల యాప్‌లు. 2020 చివరలో హైదరాబాదు చుట్టుపక్కల ఆ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు మీరు చదివే ఉంటారు. వాళ్ల ఆయుధం కాంటాక్టుల జాబితాయే. అప్పు తీసుకున్నవాడి మేనమామకు, టీచరుకు ఫోను చేసి పరువు తీయడం. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అప్పిచ్చే యాప్‌లు కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫొటోలు చూడకూడదు. అడిగిందంటే అది దొంగ యాప్ అని అక్కడే తెలుసుకోండి. ఫీజుకు డబ్బు తక్కువైతే మన కమిటీ దగ్గరకు రండి.

"మన దగ్గర దాచుకోవడానికి ఏముందిలే" అని కిందటి సభలో ఒక మామ అన్నారు. ఆ గులాబీ తోట తండ్రి దగ్గర కూడా ఏమీ లేదు, ఉన్నదల్లా కూతురి హాస్టలు ఫీజు. గోప్యత పట్నం కుర్రాళ్ల సరదా అనుకునేవారికి ఇంకొక పేరు చెబుతాను. జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి గారు మన పక్క రాష్ట్రం కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి బెంగళూరులో స్థిరపడినవారు. 2012లో ఆధార్ మీద సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు ఆయన వయసు 86. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ఆయన 2024 అక్టోబరులో కాలం చేశారు. ఆ హక్కును నిలబెట్టడానికని 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలకు పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. ఆ చట్టం పెద్ద కంపెనీలకే అనుకోకండి. కంప్యూటరులో పేర్లు పెట్టుకునే మనలాంటి ట్రస్టుకు కూడా వర్తిస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి.

అందుకే కమిటీలో మూడు సమావేశాల పాటు పోట్లాడాం. ఆధార్ జిరాక్సు అసలెందుకని నేనడిగాను. ఒకే ఇంటి నుంచి ఒకే పిల్ల పేరుతో రెండు దరఖాస్తులు వస్తే ఎలా పట్టుకుంటామని కోశాధికారి గారు అడిగారు. ఆయన ప్రశ్నలో న్యాయం ఉంది. అలా జరిగిన సంవత్సరాలున్నాయి. చివరికి ఇలా నిర్ణయించాం. ఆధార్‌ను ఎదురుగా చూసి వెంటనే తిరిగి ఇచ్చేస్తాం, నకలు ఉంచుకోం. ఎవరైనా పోస్టులో పంపాలనుకుంటే ఆధార్ వెబ్‌సైటులో దొరికే మాస్క్‌డ్ ఆధార్ పంపాలి, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. ఖాతా నంబరు ఎంపికైన తర్వాతే అడుగుతాం. ఆన్‌లైన్ ఫారం క్రిప్ట్‌ప్యాడ్‌లో ఉంటుంది, దాన్ని నడిపేవాళ్లు కూడా లోపల ఏముందో చదవలేరు. ఎంపికైనవారి జాబితాలో పేరు, ఊరు, కోర్సు మాత్రమే వేస్తాం. డబ్బు అందిన ఆరు నెలలకు మిగతావన్నీ చెరిపేస్తాం. ట్రస్టు నుంచి ఎవరూ ఫోను చేసి ఓటీపీ అడగరు, అడిగితే పెట్టేసి ఆఫీసుకు చెప్పండి.

2022 నాటి పట్టికను నేను తీసేశాను. కానీ దాని నకలు, తెరపటం ఎవరి ఫోనులోనైనా ఇంకా ఉండవచ్చు. ఉంటే ఈ రోజు ఇక్కడి నుంచి వెళ్లేలోగా చెరిపేయండి. ఎలా వెతకాలో తెలియకపోతే అడగడానికి మొహమాటపడకండి. భోజనాల తర్వాత నేను వెనక వరుసలో, నీళ్ల డ్రమ్ము పక్కన బల్ల దగ్గర ఉంటాను. మా అబ్బాయి కూడా ఉంటాడు. అనుమతుల పేజీ వాడికి నాకంటే బాగా తెలుసు.